కళాచరిత్ర పట్టా – భాషార్హత: ఒక విమర్శనాత్మక పరిశీలన

విష్ణుధర్మోత్తర పురాణం తృతీయ ఖండంలో వజ్రమహారాజు తనకు ప్రతిమాలక్షణం బోధించమని మార్కండేయ మహర్షిని కోరుతాడు. మహర్షి నేరుగా పాఠం మొదలుపెట్టడు. ప్రతిమ తెలియాలంటే చిత్రం, చిత్రానికి నృత్తం, నృత్తానికి వాద్యం, వాద్యానికి గీతం తెలియాలంటాడు. గీతం దగ్గరకు వచ్చేసరికి సంస్కృత ప్రాకృతాది భాషల ప్రస్తావన తెస్తాడు. నేటి విశ్వవిద్యాలయ పరిభాషలో ఇది ముందస్తు అర్హతల పట్టిక. అందులో భాష పునాదిస్థానంలో ఉంది. కళాచరిత్రలో డిగ్రీ పట్టాకు విధించే నిబంధనల్లో ఆ పునాదికి దక్కుతున్న స్థానాన్ని పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

అమెరికన్ విశ్వవిద్యాలయాల నమూనా స్థూలంగా సుపరిచితమే: ఒక పరిచయ కోర్సు, భిన్న కాలాలకూ ప్రాంతాలకూ చెందిన కోర్సులు, పరిశోధన పద్ధతులపై సెమినార్, చాలాచోట్ల చివర ఒక పరిశోధన వ్యాసం. పైచదువులకు వెళ్లదలచినవారు జర్మన్ లేదా ఫ్రెంచి నేర్చుకోవాలని సూచించడం పరిపాటి. ఆధునిక కళాచరిత్ర చాలామేరకు జర్మన్ భాషలో రూపుదిద్దుకోవడమే దీనికి కారణం. అయితే ఎర్విన్ పనోఫ్‌స్కీ 1939లో ప్రతిపాదించిన మూడంచెల ప్రతిమావ్యాఖ్యానంలో రెండవ అంచె సాహిత్యాధారాల పరిచయాన్నే కోరుతుంది. అంటే బొమ్మను చదవడానికే భాష కావాలి. పండితులు బొమ్మ గురించి రాసినది చదవడం ఆ తరువాతి అవసరం. ఆచరణలో ఈ క్రమం తలకిందులైందని నా అభిప్రాయం.

అమరావతి స్తూపానికి చెందిన ఒక పూర్ణఘట ఫలకాన్ని తీసుకుందాం. రూపవిశ్లేషణ మాత్రమే నేర్చిన విద్యార్థి కుండ వంపునూ, పద్మాల అమరికనూ చక్కగా వర్ణించగలడు. కాని దాన్ని సమర్పించినవాడు విధికుడనే చర్మకారుడని చెప్పేది అక్కడి ప్రాకృత శాసనమే. ఆ పంక్తి చదవలేనివారికి ఫలకంలో కుండ మిగులుతుంది, మనిషి కనిపించడు. శ్రీకాళహస్తి కలంకారీలో చిత్రాల వెంట నడిచే తెలుగు రాతను అలంకారంగా పొరబడినా ఇంతే. చేర్యాల పటం సంగతి మరీ క్లిష్టం. దాని పాఠం గుడ్డమీద లేదు, కథకుని నోట ఉంది.

మన దేశంలో బరోడా లలితకళల విభాగం 1950 నుంచి సృజననూ చరిత్రనూ ఒకే ప్రాంగణంలో నడిపింది. చేయి తెలిసినవాడికి కన్ను తెలుస్తుందన్న ఆ దృష్టి విలువైనది. చెవి సంగతి మాత్రం అక్కడా మిగిలే ఉందనిపిస్తుంది.

తప్పంతా అటువైపే ఉందనలేం. తెలుగు శాఖల్లో మనం ‘శిల్పం’ అన్న మాటను కథకూ నవలకూ వాడినంతగా రాతికి వాడం. ప్రబంధవర్ణనలు బోధిస్తూ సమకాలీన కుడ్యచిత్రాన్ని ఒక్కసారైనా తరగతిలో చూపినవారు ఎందరు? నేనూ చాలాకాలం చూపలేదు.

యుజిసి 2022 చట్రం ప్రకారం నాలుగేళ్ల డిగ్రీకి కనీసం 160 క్రెడిట్లు. వాటిలో ఒక ప్రాంతీయ భాషాసాహిత్యానికీ, ఒక ప్రాచీన లిపికీ చెరి నాలుగు క్రెడిట్లు కేటాయించడం అసాధ్యం కాదు. అధ్యాపకులు లేరన్న అభ్యంతరం రావచ్చు. శాసనభాషను పాఠ్యాంశంగా చదివి పట్టా పొందిన తెలుగు అధ్యాపకులు పక్క గదిలోనే ఉన్నారు. వారిని పిలవాలంటే రెండు శాఖల పాఠ్యప్రణాళికా సంఘాలు ఒకే బల్ల చుట్టూ కూర్చోవాలి.