కూరపాదు చెంత పూలమొక్క

రోహిణి యెండలు తగ్గి మృగశిర కార్తె ప్రవేశించు ఈ దినములలో, పెరడు గల గృహస్థులు గునపము చేతబట్టుటకు ముందు ఒక పూట కాగితము ముందు కూర్చుండుట మేలు. తోట యనగానే మనలో అధికులు ముందుగా ఒక విభజన చేసికొందురు: వీధివైపు నలుగురికి కనబడుచోట పూలమొక్కలు, పెరటివైపు నూతిగట్టు చెంత కూరగాయలు. చూచుటకిది సక్రమముగానే తోచును గాని, చిరకాలముగా పెరటిసేద్యమునందు మునిగియున్న నాకు స్థిరపడిన అభిప్రాయమేమనగా, మన యిండ్లలో పాదులు కాయకపోవుటకును, మడులు చీడపట్టుటకును ఈ విభజనయే ఒక ముఖ్యకారణము.

ప్రణాళికకు ప్రథమమున గమనింపవలసినది సూర్యుని నడక. కృష్ణా గోదావరీ మండలములు సుమారు 16, 17 డిగ్రీల ఉత్తర అక్షాంశమున నున్నవి గావున, ఇంచుమించు మే మొదటివారము నుండి ఆగస్టు మొదటివారము వరకు మధ్యాహ్న సూర్యుడు మన నడినెత్తికి ఉత్తరముగా నుండును. తక్కిన కాలమంతయు, విశేషించి హేమంత శిశిరములలో, దక్షిణమునకు వాలియుండును. వంగయు, టమాటయు, మెంతికూరయు, కొత్తిమీరయు, బంతియు, చేమంతియు తమ ఉత్తమదశ నందుకొనునది ఆ శీతకాలమునందే గదా! కావున పందిరిని పెరటి ఉత్తరపు హద్దున వేసిన యెడల ఆ నెలలలో దాని నీడ మడులపై పడదు. కరివేపచెట్టును, అరటిని సైతము ఆ వైపుననే నిలుపుట మంచిది. స్నానపు నీరు పారుచోట చేమదుంప వేయుట మనవారికెల్లరకు తెలిసినదే.

ఇక పందిరి సంగతి. బీర, సొర, పొట్ల, కాకర, వీటన్నిటిలో ఒకే తీగపై మగపూవు వేరు, ఆడుపూవు వేరు. ఆడుపూవునకు రేకల క్రింద పిందె పుట్టుకతోనే యుండును. మగపూవునకు వట్టి కాడయే. సాధారణముగా ముందు పూచునవి మగపూలు. అవి రాలిపోవుట చూచి, కాపు పోయినదని దిగులుపడి, ఎరువు మీద ఎరువు గుమ్మరించువారిని ఎందరినో చూచితిని. నత్రజని అధికమైన పాదు తీగ సాగును, ఆకు వేయును, పిందెను మాత్రము ఆలసించును. ఆడుపూవు విచ్చిన పిమ్మటనైనను పుప్పొడి చేరనిదే పిందె నిలువదు, పసుపుబారి రాలును. గుమ్మడి, దోస, కాకర ప్రాతఃకాలమున విచ్చి తేనెటీగలకై వేచియుండును. బీర సాయంసంధ్యవేళ పచ్చని పూలు విప్పును. సొరయు పొట్లయు ప్రొద్దు గ్రుంకిన పిదప తెల్లని పూలు విప్పి నిశాచరములైన శలభముల నాహ్వానించును. ఇంతటి సూక్ష్మమైన కాలనియమము గల పాదులను, ఒక్క పూవైనను లేని పెరటిలో ఒంటరిగా నిలిపి, కాయలేదని నిందించుట న్యాయమగునా?

అందుచేత మా పందిరి గుంజల మొదట చంద్రకాంతమొక్కలు నాటుదును. ఒక గుంజపైకి సన్నజాజితీగను ప్రాకింతును. అవియు సాయంకాలమునందే విచ్చి పరిమళించును గావున, వాటికై వచ్చు శలభములు సొరపూలను విడిచిపోవు. ఉదయపు పాదులకు తులసి చాలును. తులసి వెన్నులు వేసిన దినములలో ఆ కోట చుట్టు తేనెటీగల ఝంకారము వినని వారుండరు. అట్టి కోటను దోసపాదునకు దూరముగా నెందుకు కట్టవలెను? ఈగయు వాలని పట్టణపు డాబాలపై, మగపూవును త్రుంచి, రేకలు తీసి, ఆడుపూవు కీలాగ్రమున అద్దవచ్చును. గుమ్మడికి ఈ పని ప్రొద్దెక్కకమునుపే కావలెను, బీరకు దీపాలవేళ. దొండ మాత్రము వీటివలె గాదు. దానికి మగతీగ వేరు, ఆడుతీగ వేరు గావున, కాయుచున్న తీగ నుండియే ముక్కను కోసి నాటవలెను.

బంతి విషయము మరింత గాఢమైనది. వంగ, టమాట, బెండ వేళ్ళపై బుడిపెలు కట్టించి మొక్కను క్రుంగదీయు నులిపురుగులను అణచు ద్రవ్యము బంతివేళ్ళలో నున్నదని శాస్త్రజ్ఞులు నిర్ధారించిరి. అయితే అలంకారార్థము మడికొక మొక్క నాటిన ఈ ఫలము సిద్ధింపదు. ఒక మడి నిండుగా బంతిని వేసి, మూడు నెలలు పూయించి, ఆపై అదే మడిలో వంగనారు నాటవలెను. టమాటకు మరియొక విధమైన సహాయము గలదు. 25 రోజుల టమాటనారుతోపాటు 45 రోజుల బంతినారును వరుసల నడుమ నాటినచో, రెండును ఒకేసారి పూతకు వచ్చి, శనగపచ్చ పురుగు తల్లి తన గ్రుడ్లను ఎక్కువగా బంతిమొగ్గలపై పెట్టును. ఆ మొగ్గలను గిల్లి పారవేయుట పిల్లలకు సైతము సాధ్యమైన పని. ఆషాఢములో పోసిన బంతినారు దసరాకు గుమ్మమునకు తోరణమగును. ఆశ్వయుజములో పోసినది సంక్రాంతి గొబ్బెమ్మలకు అందును. చేమంతి రాత్రులు దీర్ఘములైన గాని మొగ్గ తొడుగదు. దాని పిలకలను ఈ వానలలోనే నాటి, శీతకాలము వరకు ఓపిక వహింపవలెను.

నేను చెప్పిన సహవాసమునకు మల్లె ఒక్కటి లోబడదు. దినదినమును నీరు త్రాగు తోటకూరమడి ప్రక్కన మల్లెను నాటరాదు. మార్గశిర పుష్యములలో దానికి నీరు కట్టివేసి, ఆకు దూసి, కొమ్మలు కత్తిరించి, కొంతకాలము దప్పిగొననిచ్చిన పిమ్మట ఎరువు వేసి తడుపవలెను. అప్పుడే వేసవినాటికి అది నిండుగా మొగ్గ తొడుగును. కావున మల్లెకు వేరుగా, ఎండ బాగుగా తగులుచోట, తన నీరు తనకుండునట్లు పాదు చేయవలెను. కనకాంబరము సాధువు, కొంచెపు నీడకు సైతము ఓర్చును గావున పందిరి అంచున సుఖముగా పెరుగును.

ఎంత నాటవలెనను ప్రశ్నకు నా సమాధానము కొందరికి నిరాశ కలిగింపవచ్చును. పెద్దవారొక్కరికి దినమునకు 300 గ్రాముల కూరగాయలు, అందులో 50 గ్రాములు ఆకుకూరలు, కావలెనని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2010లో సూచించినది. ఆ లెక్కన ఐదుగురు పెద్దలున్న యింటికి ప్రతిదినము కిలోన్నర. రెండు సెంట్ల పెరడు దీనినంతయు ఏడాది పొడుగున ఈయజాలదు. కాని 250 గ్రాముల ఆకుకూర ఈయగలదు. బజారులో వాడి వచ్చునదియు ఆకుకూరయే. తోటకూర నెలలోపల కోతకు వచ్చును గావున, మడిని నాలుగు పాళ్ళు చేసి వారమునకొక పాలు చల్లవలెను. గింజ సన్నము, ఇసుకతో కలిపి చల్లినచో సమముగా పడును. ధనియములను చేతితో నలిపి రెండు బద్దలు చేసి చల్లవలెను.

మా నాయనమ్మగారి కాలమున పొట్లపిందె కొనకు చిన్నరాయి కట్టుట, పేనుబంకపై పొయ్యి బూడిద చల్లుట మాకు నిత్యకృత్యములు. ఆమె తెల్లవారగనే పూజకై పూలు కోయుటకు వెళ్ళెడిది. పందిరి క్రింద, మడుల నడుమ, పూలు ఎక్కడనుండిన అక్కడికెల్ల పూలసజ్జ పట్టుకొని నడచుచు, దారిలో వంగాకును తిరగవేసి చూచి, పురుగుంటే నలిపి, ముదిరిన బెండకాయను త్రుంచి ఒడిలో వేసికొనెడిది. కూరమడికొరకు మాత్రమే ప్రతి ఉదయమును పెరటిలోనికి వెళ్ళువారు అరుదు. దేవునికొరకు, జడకొరకు పూలు కోయుటకు ఎవరో ఒకరు తప్పక వెళ్ళుదురు. పూలను కూరల నడుమ నిలుపుమని నేను కోరుటకు తక్కిన కారణములన్నిటికంటె ఇది బలమైనది: ఆ చూపు మడులపై దినమునకొక మారు పడవలెను.

వాన పడిన మరునాడు పందిరి మొదళ్ళ వద్ద మూరెడు లోతు గోతులు త్రవ్వి, మాగిన పశువుల ఎరువును, గుప్పెడు వేపపిండిని మట్టితో కలిపి నింపుడు. పొట్ల, కాకర గింజలను రాత్రి నీట నానవేసి, గోతికి మూడేసి చొప్పున నాటి, మొలిచిన పిమ్మట బలమైన రెంటిని ఉంచుడు. బంతినారుమడిని మాత్రము ఆషాఢమునకే సిద్ధపరచుకొనుడు.