నోటు మీద కళ్లద్దాలు

రాజ్యం తన గురించి తాను ఏమనుకుంటుందో నోటు మీద అచ్చేసుకుంటుంది. 1949లో రూపాయి నోటు మీద ఇంగ్లండు రాజు తల తీసేసి అశోకుడి సింహాలు వేశారు. తర్వాత ఆనకట్ట, ఉపగ్రహం, అయిదు రూపాయల నోటు మీద ట్రాక్టరు తోలే రైతు వచ్చాయి. ట్రాక్టరు కనిపించింది గానీ నాట్లేసే మాల మాదిగ ఆడకూలీ కనిపించలేదు. 1996 సిరీస్ నుంచి వరసగా గాంధీ బొమ్మే. 2016లో మొదలైన సిరీస్‌లో ఆయన కళ్లద్దాలతో స్వచ్ఛ భారత్ గుర్తు కూడా చేరింది. శుభ్రతను అచ్చేశారు సరే, శుభ్రం చేసే చేతులేవి? పాకీపనిని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, 2013లో ఇంకో చట్టం తెచ్చారు. అయినా మ్యాన్‌హోళ్లలో ఊపిరాడక చస్తున్నది ఎవరో మనకు తెలుసు.

నోటు మీద అంబేద్కర్ బొమ్మ వెయ్యాలన్న డిమాండు న్యాయమైందే. 1923లోనే రూపాయి సమస్య మీద పుస్తకం అచ్చేసినవాడాయన. అందులో ఆయన వాదం ఒకటి మనం మర్చిపోకూడదు: రూపాయి విలువ పడితే ధరలు పెరిగినంత తొందరగా కూలి పెరగదు, యజమానికొచ్చే లాభం కూలివాడి కడుపు కోతే. బొమ్మ అడుగుదాం. ఆ నోట్లు రోజుకి ఎన్ని మన చేతికొస్తున్నాయో, వాటితో ఎన్ని కిలోల బియ్యం వస్తున్నాయో అదే గొంతుతో అడుగుదాం.