లీడ్‌కి ఎదురుచెప్పిన సాయంత్రం

"మీ మేనేజర్ మాటతో ఏకీభవించని సందర్భం ఒకటి చెప్పండి." అమెజాన్ ఇంటర్వ్యూకి తయారవుతున్న మన పిల్లలు కోడింగ్ రౌండ్లలో దూసుకుపోయి, ఈ ప్రశ్న దగ్గర నీళ్లు నములుతారు. "అలాంటిదేం జరగలేదు సార్, మా మేనేజర్ చాలా మంచివారు" అంటారు. పెద్దల మాటకు ఎదురుచెప్పకూడదని పెంచాం కదా, ఒకవేళ చెప్పినా బయటపెట్టుకోరు.

అమెజాన్‌కి 16 లీడర్‌షిప్ ప్రిన్సిపల్స్ ఉన్నాయి. 2021లో చివరి రెండూ చేరాయి. ఇంటర్వ్యూ చేసేవాళ్లు వాటిని పంచుకుని, తలా కొన్నింటి మీద ప్రశ్నలు వేస్తారు. వాళ్లలో ఆ టీమ్‌తో సంబంధం లేని 'బార్ రైజర్' ఒకరు ఉంటారు. పై ప్రశ్న పుట్టిన సూత్రంలో రెండు సగాలున్నాయి: నిర్ణయం తప్పనిపిస్తే మర్యాదగానే అయినా గట్టిగా చెప్పాలి; నిర్ణయం జరిగిపోయాక దాని కోసం మనస్ఫూర్తిగా పనిచేయాలి. రెండో సగాన్ని చాలామంది మర్చిపోతారు.

ఈమధ్య గచ్చిబౌలిలో పనిచేసే ఒకమ్మాయికి మాక్ ఇంటర్వ్యూ చేశాను. ఆఫీసులో ఎదురైన సమస్య ఒకటి చెప్పమంటే, "పేమెంట్ పేజీ ఆగిపోయింది, మేమంతా కలిసి సరిచేశాం" అని రెండు ముక్కల్లో తేల్చేసింది.

"ముందు చూసిందెవరమ్మా?"

"నేనే సార్."

"ఏం చేశావు?"

"పాత వెర్షన్‌కి మార్చేశాను. 20 నిమిషాల్లో లేచింది."

"అంత త్వరగా ఎలా?"

అప్పుడు మెల్లగా అసలు సంగతి బయటికొచ్చింది. టెస్టింగ్ పూర్తికాలేదు, ఈ శుక్రవారం రిలీజ్ వద్దని పేజీ ఆగిపోయిన రోజు సాయంత్రమే టీమ్ లీడ్‌కి మెయిల్ పెట్టింది. పండగ సేల్ మొదలవుతోంది, ఆగలేమన్నాడాయన. సరేనని, వెనక్కి తీసుకెళ్లాల్సిన స్టెప్పులన్నీ ముందే వరుసగా రాసిపెట్టుకుని రాత్రంతా కూర్చుంది. ఇదంతా ఎందుకు దాచావంటే, "లీడ్ మీద చాడీలు చెప్పినట్టుంటుంది కదా సార్" అంది.

చాడీ ఎలా అవుతుంది? సేల్ తేదీ ఆయన మీద మోపిన ఒత్తిడిని కూడా చెబితే ఆయనకూ న్యాయం జరుగుతుంది. ఆ సూత్రం అడిగే రెండు సగాలూ ఆ ఒక్క రాత్రిలోనే ఉన్నాయి. మేనేజర్‌తో ఏకీభవించని సందర్భం అడిగితే చెప్పడానికి ఆమె మాత్రం ఇంటర్నెట్‌లో దొరికిన ఎవరిదో కథను బట్టీపట్టి వచ్చింది.

బట్టీ కథల మీద నాకు బొత్తిగా నమ్మకం లేదు. సందర్భం, బాధ్యత, చేసిన పని, ఫలితం అంటూ నేర్పే 'స్టార్' పద్ధతి మంచిదే. కానీ అది చెప్పే వరస మాత్రమే, సరుకు మనం తెచ్చుకోవాలి. "ఇంకో దారి ఎందుకు ఎంచుకోలేదు? ఆ అంకె ఎలా కొలిచారు?" అని లోపలికి తవ్వితే, అరువు కథ రెండో ప్రశ్నకే కూలిపోతుంది. నిజంగా చేసినవాళ్లకు ఆ ప్రశ్నలే మేలు చేస్తాయి.

ఇంటర్వ్యూ దగ్గరపడినవాళ్లు జవాబులు రాయడం కాసేపు ఆపి పాత టికెట్లు, రివ్యూ కామెంట్లు, మీరు పెట్టిన అభ్యంతరాలు తిరగేయండి. ఎవరు ఏమన్నారో, మీరేం చేశారో నోట్స్‌లో పెట్టుకోండి. కస్టమర్ల పేర్లు, కంపెనీ లోపలి లెక్కలు మాత్రం ఆ నోట్స్‌లోకి రానివ్వకండి.