పునర్దర్శన రహస్యం: ‘మాయాబజార్’ చలనచిత్రం – ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

‘ఎన్నిసార్లు చూసినా విసుగు పుట్టదు’ అన్న మాట తెలుగు సినిమా చర్చల్లో తరచుగా వినిపిస్తుంది. ఇది ప్రశంస, విమర్శ కాదు. ఒక చిత్రాన్ని మళ్లీ మళ్లీ చూడడానికి ప్రేక్షకుని అలవాటు, బాల్యస్మృతి, అభిమాన నటునిపై మక్కువ కారణాలు కావచ్చు. అవి ప్రేక్షకునికి సంబంధించిన కారణాలు. పునర్దర్శనాన్ని కోరే గుణం చిత్రనిర్మాణంలోనే ఉన్నదా, ఉంటే అది ఎక్కడ ఉన్నది అన్నది విమర్శకుడు వేసుకోవలసిన ప్రశ్న. విజయా సంస్థ నిర్మించగా, కె.వి. రెడ్డి దర్శకత్వంలో 1957 మార్చి 27న విడుదలైన ‘మాయాబజార్’ను ఆధారంగా చేసుకొని ఈ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఆలంకారికులు ఈ ప్రశ్నను ఏనాడో తాకారు. పూర్వం చూసిన అర్థాలే రసపరిగ్రహం వల్ల వసంతంలోని చెట్లవలె కొత్తగా భాసిస్తాయని ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకం చతుర్థోద్యోతంలో ప్రతిపాదించాడు. మాఘుడు శిశుపాలవధం నాలుగో సర్గలో, మునుపు పలుమార్లు చూసిన రైవతకమే శ్రీకృష్ణునికి అపూర్వమైనట్లు విస్మయం కలిగించిందని చెప్పి, క్షణక్షణం కొత్తదనం పొందడమే రమణీయత స్వరూపమన్నాడు. ఒకరు కావ్యం గురించి, మరొకరు కొండ గురించి చెప్పినా, చూసినదే మళ్లీ చూడడంలోని కొత్తదనమే ఇద్దరికీ విషయం. అయితే ఆ కొత్తదనం ఏ సాధనాల ద్వారా సిద్ధిస్తుందో ప్రతి కళారూపంలోనూ విడిగా నిరూపించవలసి ఉంటుంది.

తెలిసిన కథ – తెలియని పాత్రలు

శశిరేఖాభిమన్యుల పరిణయం వ్యాసభారతంలో లేదు. అక్కడ అభిమన్యుని భార్య ఉత్తర. శశిరేఖ కథ జనశ్రుతిలోనూ రంగస్థలం మీదా పెరిగింది. సురభి నాటక సమాజాల ప్రదర్శనల ద్వారా ‘మాయాబజార్’ తెలుగునాట సుపరిచితం. 1936లో పి.వి. దాస్ దర్శకత్వంలో ఈ కథే ‘మాయాబజార్’, ‘శశిరేఖా పరిణయం’ అన్న పేర్లతో చలనచిత్రంగా వచ్చింది. కనుక 1957లో మొదటిసారి టిక్కెట్టు కొన్న ప్రేక్షకునికి కూడా కథ కొత్త కాదు. పెళ్లి ఎవరితో జరుగుతుందన్న ఉత్కంఠ అతనికి లేదు. ఆ అర్థంలో ఈ చిత్రానికి ప్రథమదర్శనమే పునర్దర్శనం.

రచయిత పింగళి నాగేంద్రరావు, దర్శకుడు కె.వి. రెడ్డి ఈ పరిస్థితిని లోపంగా భావించక దానినే నిర్మాణసూత్రంగా స్వీకరించారు. ‘ఏమి జరుగుతుంది’ అన్న ప్రశ్నను పక్కనపెట్టి, ‘ఎవరికి ఎంత తెలుసు’ అన్న ప్రశ్న మీద కథను నడిపారు. ఘటోత్కచుని ఆశ్రమ ప్రాంతంలోకి వచ్చిన అభిమన్యునికి తనను అడ్డగించినవాడు సోదరుడని తెలియదు, ఘటోత్కచునికీ తెలియదు. ప్రేక్షకునికి తెలుసు. ద్వారక విడిదిలో కౌరవులు పొందుతున్న మర్యాదలు మాయ అని వారికి తెలియదు, ప్రేక్షకునికి తెలుసు. పెళ్లిపీటల మీద ఉన్నది శశిరేఖ కాదని బలరామునికి తెలియదు. అందరికన్నా ఎక్కువ తెలిసిన కృష్ణుడు అందరికన్నా తక్కువ మాట్లాడతాడు.

ఈ అమరిక వల్ల పునర్దర్శనంలో ప్రేక్షకుని స్థానం మారుతూ పోతుంది. మొదటిసారి అతడు మోసపోయేవారిని చూసి నవ్వుతాడు. మరోసారి కృష్ణుని ముఖాన్ని గమనించడం మొదలుపెడతాడు. బలరాముడు దుర్యోధనుని సత్కారాలకు పొంగి మాట ఇచ్చినప్పుడుగానీ, రేవతి సుభద్రను కించపరిచినప్పుడుగానీ కృష్ణుడు ఎదిరించి వాదించడు. దారుకునికి మార్గం సూచించి సుభద్రాభిమన్యులను ఘటోత్కచుని వైపు పంపుతాడు. ఎన్.టి. రామారావు ఈ పాత్రకు ఇచ్చిన నిదానమైన చిరునవ్వు మొదట అలంకారంగా కనిపిస్తుంది. కథాగతి తెలిసిన తరువాత అది నిర్ణయంగా కనిపిస్తుంది. చిత్రంలో ఒక్క అంశమూ మారలేదు. మారినది చూసేవాని ఎరుక.

మరో విశేషం పాండవుల అనుపస్థితి. రాజసూయం, జూదం, రాజ్యనష్టం కథకు మూలకారణాలు. అయినా ఐదుగురు పాండవులలో ఒక్కరూ తెరమీద కనిపించరు. ఈ సంగతి విమర్శకులు తరచు ప్రస్తావించేదే. కాని తొలిసారి చూసేవారిలో చాలామంది దీనిని గుర్తించరు. కుటుంబంలో పెద్దలు దూరమైనప్పుడు స్త్రీలూ పిల్లలూ బంధువుల ఇంట ఎదుర్కొనే అవమానమే ఈ కథకు కేంద్రం. పాండవులు కనిపించి ఉంటే కథ యుద్ధనీతి వైపు జరిగేది. వారు లేనందువల్లనే ఇది ఇంటికథ అయింది. లేనిదానిని గుర్తించడానికి ఉన్నదంతా ఒకసారి చూసి ఉండాలి.

‘ప్రియదర్శిని’: చూపులోని భేదం

తెరచి చూసినవారికి వారి మనసుకు మిక్కిలి ప్రియమైనదానిని చూపే ‘ప్రియదర్శిని’ పేటిక ఈ చిత్రంలోని కల్పనలన్నిటిలో అర్థవంతమైనది. శశిరేఖకు అందులో అభిమన్యుడు కనిపిస్తాడు. రేవతికి మణులూ ఆభరణాలూ, బలరామునికి శిష్యుడైన దుర్యోధనుడు కనిపిస్తారు. కృష్ణునికి కనిపించేది శకుని.

మొదటి చూపులో ఈ సన్నివేశం హాస్యప్రధానం. కథ తెలిసి చూసినప్పుడు ఇదే చిత్రానికి బీజన్యాసం. శశిరేఖ ప్రేమ, రేవతి ధనాశ, బలరాముని శిష్యవాత్సల్యం – ముందుముందు జరగబోయే సంఘర్షణకు కావలసిన మూడు కారణాలూ ఇక్కడే ఉన్నాయి. రేవతీ బలరాములు తరువాత చేసే పొరపాటు ఆకస్మికం కాదు. పేటిక ముందే చెప్పినది.

కృష్ణునికి శకుని కనిపించడం మరింత లోతైన విషయం. నవ్వు కోసం పెట్టిన వైపరీత్యంగా దీనిని తీసుకోవచ్చు. కాని భారతకథ ఎరిగిన ప్రేక్షకుడు అక్కడ ఆగడు. కురువంశ వినాశానికి శకుని నిమిత్తమైతే, భూభారం తగ్గించవలసిన కృష్ణునికి ఆ నిమిత్తం కన్నా ప్రియమైనది ఏముంటుంది? ఈ అర్థాన్ని చిత్రం వాచ్యం చేయలేదు. ధ్వనిగా వదిలింది. వాచ్యమైతే అది ఒక్క దర్శనంతో ముగిసిపోయేది.

ఈ పేటికకు ప్రతిగా చివరి ఘట్టంలో మరో వస్తువు వస్తుంది. మాయాశశిరేఖ గుట్టు పసిగట్టిన శకుని తన వాదం వినిపించడానికి ఒక పీఠం ఎక్కుతాడు. అది అతని నోటనే కౌరవుల కపటాన్ని బయటపెట్టిస్తుంది. ఆదిలో మనసును చూపిన వస్తువు, అంతంలో మాటను నిజం చేసిన వస్తువు. మాయ పేరుతో నడిచే ఈ చిత్రంలో మాయావస్తువులు అబద్ధం పుట్టించడానికే పరిమితం కాలేదు. నిజాన్ని బయటికి రప్పించడానికీ ఉపకరించాయి. సి.ఎస్.ఆర్. ఆంజనేయులు ధరించిన శకునికి పేటికలోని రూపంతో మొదలై పీఠం మీద ముగిసే ఒక వలయం ఉన్నదని రెండు సన్నివేశాలనూ కలిపి చూసినప్పుడే తెలుస్తుంది.

భాషలో మాయ

పింగళి పదసృష్టి గురించి చాలామంది రాశారు. ‘అసమదీయులు’, ‘తసమదీయులు’, ‘వీరతాడు’, ‘గింబళి’, ‘గిల్పం’ వంటి మాటలు నేటికీ తెలుగువారి నోట పలుకుతున్నాయి. వీటిని కేవలం చమత్కారాలుగా లెక్కించడం వల్ల వాటి వెనుక ఉన్న వ్యవస్థ మరుగునపడుతున్నది.

‘అస్మదీయ’ శబ్దంలోని సంయుక్తాక్షరాన్ని విడదీసి పలకడం వల్ల ‘అసమదీయ’ ఏర్పడింది, ఇది స్వరభక్తి. దానికి వ్యతిరేకార్థంలో వ్యాకరణరీత్యా రావలసినది ‘తదీయ’. రాక్షసులు మాత్రం ‘తసమదీయ’ అన్నారు. ప్రాసబద్ధమైన జంట కోసం సాదృశ్యంతో కల్పించిన రూపమిది. శబ్దం అసాధువు, కాని అది పుట్టిన పద్ధతి భాషాపరిణామంలో నిత్యం పనిచేసే పద్ధతే. ఎవరో ఒకరు పుట్టించనిదే మాటలు రావన్న భావంతో ఘటోత్కచుడు ఆ ప్రయోగాన్ని మెచ్చుకోవడం ఒక భాషాసిద్ధాంతానికి హాస్యరూపం.

‘గింబళి’, ‘గిల్పం’ ఇంకా విశిష్టమైనవి. తెలుగులో ‘పుస్తకం గిస్తకం’, ‘పాలూ గీలూ’ వంటి ప్రతిధ్వని రూపాలు సహజం. మొదటి అక్షరం స్థానంలో హ్రస్వమైతే ‘గి’, దీర్ఘమైతే ‘గీ’ చేరుతుంది. రెండో మాటకు స్వతంత్రార్థం లేదు; ‘మొదలైనవి’ అన్న స్ఫురణ మాత్రమే ఉంటుంది. గిస్తకం అనే వస్తువు లోకంలో లేదు. పింగళి ఆ శూన్యానికి రూపం ఇచ్చాడు. కంబళి వేరు, గింబళి వేరు. తల్పం చేయని పని గిల్పం చేస్తుంది. వ్యవహారంలో అర్థశూన్యమైన ధ్వనికి ఇక్కడ ఆకారం, శక్తి, స్వభావం సమకూరాయి.

లేనిదానిని ఉన్నట్లు చూపడమే మాయ. శూన్యప్రదేశంలో వెలసిన విడిది, శశిరేఖ రూపంలోని ఘటోత్కచుడు, ధ్వని నుంచి పుట్టిన గింబళి – మూడూ ఒకే సూత్రానికి ఉదాహరణలు. కథలోని మాయ భాషలోనూ జరుగుతున్నది. సంభాషణ విని నవ్వడానికి ఒక్కసారి చాలు. ఆ నవ్వు కథావస్తువుతో ముడిపడి ఉన్నదని గ్రహించడానికి మళ్లీ వినాలి.

రెండు పొరల అభినయం

ద్వితీయార్ధానికి ప్రాణం మాయాశశిరేఖ. ఘటోత్కచుడు శశిరేఖ రూపం ధరించాడు కనుక తెరమీద ఉన్నది సావిత్రి. లోపల ఉన్నది ఎస్.వి. రంగారావు పోషించిన పాత్ర. కోమలమైన నడక మధ్యలో హఠాత్తుగా బిగిసే భుజం, విశాలమయ్యే అడుగు, పెరిగే హుంకారం రంగారావు ఆంగికాన్ని స్ఫురింపజేస్తాయి. ‘అహ నా పెళ్లియంట’ పాటలో సుశీల గొంతు మధ్య ఘంటసాల గొంతు చొరబడడం ఇదే ద్వైధీభావానికి గానరూపం. ఒక స్త్రీపాత్రగా నటిస్తున్న పురుషపాత్రను ఒక నటి అభినయిస్తున్నది. సావిత్రి అభినయంలో ఏది శశిరేఖది, ఏది ఘటోత్కచునిది అని విడదీసి చూడడానికి రంగారావు నటన ప్రేక్షకుని స్మృతిలో స్థిరపడి ఉండాలి. అందువల్ల ఈ సన్నివేశాలు చిత్రాన్ని ఎరిగినవారికే పూర్తిగా దక్కుతాయి.

‘లాహిరి లాహిరి లాహిరిలో’ పాటలోనూ ఇటువంటి పొర ఉంది. మార్కస్ బార్ట్లే ఛాయాగ్రహణంలోని వెన్నెలను మెచ్చుకోనివారు లేరు. కాని ఆ వెన్నెలలో ఉన్నది శశిరేఖాభిమన్యులు మాత్రమే కాదు. రుక్మిణీ కృష్ణులూ, చివరికి రేవతీ బలరాములూ అదే పాటలో అదే నౌకావిహారంలో పాలుపంచుకుంటారు. ఆ తరువాత ఈ ప్రేమను కాదనబోయేవారు కూడా ఆ రాత్రి అదే రసానుభూతిలో ఉన్నారన్నది కథ తెలిసినవారికే తట్టే వైరుద్ధ్యం.

పునర్దర్శనం లేవనెత్తే ప్రశ్న

పునర్దర్శనం ప్రశంసను మాత్రమే పెంచదు. చిత్రం దాటవేసిన ప్రశ్నలనూ బయటికి తెస్తుంది. తనకు ఇష్టంలేని పెళ్లిని శశిరేఖ కన్నీటితో సహిస్తుంది. నిద్రలో ఉండగా పాన్పుతోసహా ఆమెను ఆకాశమార్గాన తరలిస్తారు. వరుని ముప్పుతిప్పలు పెట్టి, పెళ్లిపీటల మీదనే బెదరగొట్టే ధైర్యం మాయాశశిరేఖది. అంటే వధువు రూపంలో తిరస్కారం ప్రకటించినది వధువు కాదు, ఆమె దేహాన్ని ధరించిన పురుషుడు. ప్రేక్షకుడు శశిరేఖ తిరగబడినంత సంతోషం పొందుతాడు. నిజానికి ఆమె తిరగబడలేదు. ఆ వేషాన్ని ఒక నటి అంత శక్తితో అభినయించడం వల్ల ఈ లోటు కప్పబడింది. స్త్రీ ధిక్కారాన్ని 1957 నాటి జనరంజక పౌరాణికం మాయ అనే ముసుగులోనే అంగీకరించగలిగిందని దీని నుంచి గ్రహించవచ్చు. ఈ ప్రశ్న వల్ల చిత్రం విలువ తగ్గదు. అడగదగిన ప్రశ్నను తనలో దాచుకొన్న కృతియే మళ్లీ చూడదగినది.

అలాగే భారతకథ ఎరిగినవారికి చివరి మంగళవాద్యాల మీద ఒక నీడ పడుతుంది. యుద్ధం పదమూడో రోజున పద్మవ్యూహంలో అభిమన్యుడు, పద్నాలుగో నాటి రాత్రి కర్ణుని శక్తికి ఘటోత్కచుడు నేలకొరుగుతారు. పెళ్లికొడుకూ, ఆ పెళ్లి జరిపించినవాడూ ఇద్దరూ అల్పాయుష్కులే. చిత్రం ఈ సంగతిని ఒక్క మాటతోనైనా సూచించలేదు. సూచించవలసిన అవసరమూ లేదు. ప్రేక్షకుని స్మృతిలో ఉన్న భారతం ఆ పని చేస్తుంది. హాస్యానికి అంగంగా కరుణం ఈ విధంగా చేరుతుంది.

ముగింపు

‘మాయాబజార్’ను మళ్లీ చూడడానికి స్మృతిమాధుర్యం ఒక్కటే కారణమైతే, ఆ స్మృతి లేని తరంతో దాని ఆదరణ ఆగిపోవాలి. 2010లో రంగులద్దిన ప్రతి థియేటర్లలో విడుదలైనప్పుడు విడుదలకాలం ఎరుగని తరం కూడా దానిని చూసింది. నలుపు తెలుపుల వెన్నెలకు రంగులు చేసిన మేలెంత, కీడెంత అన్నది వేరే చర్చ. కథానిర్మాణం, సంభాషణ, అభినయం మాత్రం రంగుతో నిమిత్తం లేకుండా నిలిచాయి.

ఈ పరిశీలన నుంచి పునర్దర్శనార్హతకు మూడు లక్షణాలను ప్రతిపాదించవచ్చు. కథలోని ఉత్కంఠ కన్నా పాత్రల ఎరుకలోని తారతమ్యం మీద నిర్మాణం ఆధారపడి ఉండడం మొదటిది. ముందు వచ్చిన అంశం తరువాతి అంశం వల్ల, తరువాతిది ముందుదాని వల్ల అర్థవంతం కావడం రెండవది. ప్రేక్షకుడు తనవెంట తెచ్చుకొన్న జ్ఞానానికి కృతిలో చోటుండడం మూడవది. ఈ మూడింటినీ ఇతర చిత్రాలకు అన్వయించి పరీక్షించవలసి ఉంది. అప్పుడు ‘ఎన్నిసార్లైనా చూడవచ్చు’ అన్న మాట అభిరుచి ప్రకటనగా మిగలక, ఆధారాలు చూపి అంగీకరించవలసిన లేదా నిరాకరించవలసిన విమర్శవాక్యం అవుతుంది.