ఏరు అటు, గాలి ఇటు

గోదావరి సముద్రానికి పోతుంది. ఎండాకాలం మధ్యాహ్నం గాలి సముద్రం మీంచి లోపలికి వస్తుంది. ఇంజన్లు రాకముందు మన తెరచాప పడవల బతుకంతా ఈ రెండింటి మధ్యే సాగింది. దిగువకు నీరు మోసేది, ఎగువకు గాలి మోసేది. గాలి పడిపోతే గడ వేయాలి, లేదా గట్టు వెంట నడుస్తూ తాడుతో లాగాలి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలవలూ పడవదారులయ్యాయి. అయితే అక్కడ గట్ల మీది చెట్లు గాలిని ఆపేస్తాయి కాబట్టి చాలాచోట్ల తాడే ఆధారం.

నేల తొందరగా వేడెక్కుతుంది, నీరు నెమ్మదిగా. నేల మీది వేడిగాలి పైకి లేస్తే ఆ చోటికి సముద్రపు చల్లగాలి వస్తుంది. వీధరుగు మీద మనం హాయిగా పీల్చుకునే పైరగాలి అదే. అంతర్వేదిలో మధ్యాహ్నానికే తగిలేది రాజమండ్రి చేరేసరికి సాయంత్రమవుతుంది. ఎగువకు పోయే పడవ ఎప్పుడు రేవు వదలాలో ఈ తేడా తెలిసినవాడే చెప్పగలడు.

తెరచాప ఎత్తడానికి బలం చాలు. దాన్ని పట్టుకోవడంలోనే పనితనం ఉంది. కింది మూల తాడును కొయ్యకు ఒక చుట్టు చుట్టి, కొస చేతిలోనే ఉంచుకోవాలి. ముడి వేయకూడదు. ఉన్నట్టుండి గాలి విసిరిందా, తాడు వదిలేయాలి. తెర రెపరెపలాడుతుంది, పడవ నిలబడుతుంది. ముడి పడితే పడవే ఒరుగుతుంది. ఆ విసురు వచ్చే ముందు నీటి మీద నల్లటి మరకలాంటి అలజడి పాకుతూ వస్తుంది. లంక గుడిసెల పొగ ఎటు వాలిందో, తాటాకులు ఎటు తిరిగాయో చూసుకుంటూ ఉండాలి. ఎండాకాలం సాయంత్రం వాయవ్యాన మబ్బు కమ్మితే మారుమాట లేదు, తెర దించాల్సిందే.

పాపికొండల్లోకి వెళితే లెక్క మారుతుంది. గాలి కొండకు తగిలిన వైపు పైకి ఎక్కుతుంది, చాటు వైపు కిందికి పడి సుడి తిరుగుతుంది. మలుపు దాకా నిండుగా ఉన్న తెర, మలుపు తిరగ్గానే వేలాడిపోవచ్చు, లేదా ఎదురు తన్నవచ్చు. హిమాచల్ ప్రదేశ్‌లోని బీర్ బిల్లింగ్‌లో పారాగ్లైడింగ్ పైలట్లు నేర్చుకునే మొదటి పాఠం ఇదే. 2015లో పారాగ్లైడింగ్ ప్రపంచ కప్ జరిగిన చోటు అది. దాదాపు 2,400 మీటర్ల ఎత్తున, కొండకు గాలి తగిలే వైపు నుంచే ఎగురుతారు. చాటు వైపు పోరు. గద్దలు ఎక్కడ చుట్లు తిరుగుతున్నాయో చూసి, పైకి లేచే వేడిగాలిని పట్టుకుంటారు. గాలి గుడ్డ నింపినంతసేపే వాళ్ళ ప్రయాణం, మన పడవలాగే. జూలై మధ్య నుంచి సెప్టెంబర్ మధ్య దాకా వానల వల్ల అక్కడ ఎగరడం నిషేధం. గాలి బాగాలేనినాడు ఆగిపోవడం కూడా విద్యలో భాగమే.

ఈ విద్యను మనం అక్కర్లేనిదిగా వదిలేశాం. అది పొరపాటు. నేడు పాపికొండలకు తిరిగే రెండంతస్తుల లాంచీకి తెరచాప లేదు గానీ, దాని నిలువెత్తు పక్క గాలికి తెరచాపే. గండిలో అడ్డగాలి తగిలితే ఇంజన్ ఎంత బలమైనదైనా సరంగు ఆ తోపును ముందే పసిగట్టి ముక్కు తిప్పాలి. సరంగులకు ఇంజన్‌తో పాటు గాలీ నేర్పాలి. ఒక సీజన్ పాటు చిన్న పడవకు తెర కట్టించి, పాతకాలపు పడవవాళ్ళను గురువులుగా జీతమిచ్చి కూర్చోబెడితే ఆ పని జరుగుతుంది.