భోజనపు బల్లయొద్ద పుట్టిన కీర్తన

కోతపండుగనాడు కృతజ్ఞతనుగూర్చి ప్రసంగించు బోధకులు తరచుగా మార్టిన్ రింకార్ట్ కథ చెప్పుదురు. ఆయన జర్మను భాషలో వ్రాసిన “నున్ డాంకెట్” అను కీర్తనను ఇంగ్లీషు కీర్తనల పుస్తకము వాడువారు కాథరిన్ వింక్‌వర్త్ అనువాదమువలన ఎరుగుదురు.

ఆ కథ యిది. రింకార్ట్ 1586లో సాక్సనీలోని ఐలెన్‌బుర్గ్ పట్టణమున పుట్టి, 1617లో అక్కడనే సంఘసేవకుడాయెను. మరుసటి యేడు ముప్పది సంవత్సరముల యుద్ధము మొదలయ్యెను. ప్రాకారముగల పట్టణము గనుక చుట్టుప్రక్కల జనులు అందులో శరణు జొచ్చిరి. 1637లో తెగులు వచ్చెను. తోటి సేవకులు చనిపోగా శవములను పాతిపెట్టు పని ఆయనమీదనే పడెను. ఆ యొక్క యేట ఆయన నాలుగువేలమందికి పైగా సమాధి ప్రార్థన చేసెననియు, ఆయన భార్యయు ఆ యేటనే చనిపోయెననియు చరిత్రకారులు వ్రాయుచున్నారు. ఇది నిజమే. కాని ఆ గోతుల నడుమనుండియే ఈ కీర్తన లేచినదని బోధకులు ముగింతురు. మరికొందరు 1648లో యుద్ధము ముగిసి సమాధానము కుదిరిన సంతోషమున వ్రాసెనందురు.

ఈ రెండు మాటలును నిలువవు. 1647లోనే యోహాన్ క్రూగర్ తన సంపుటమున దీనిని ప్రకటించెను. అంతకుముందే, 1636లో రింకార్ట్ వెలువరించిన చిన్న భక్తి పుస్తకములో ఇది యుండెనని పరిశోధకుల అభిప్రాయము. ఆ పుస్తకము యొక్క 1663 నాటి ముద్రణ నిలిచియున్నది. అందు ఈ కీర్తనకున్న శీర్షికకు “చిన్న భోజన ప్రార్థన” అని అర్థము. పిల్లలు పళ్లెముల ముందు కూర్చుండి చెప్పుకొను మాటలన్నమాట!

దీనివలన కీర్తన చిన్నదైపోయెనా? నా మట్టుకు అది పెద్దదాయెను. గోతుల కథ విని మనము కన్నీరు తుడుచుకొని, కృతజ్ఞత మహాభక్తుల పని యనుకొని, ఇంటికి వచ్చి మాటలాడకయే అన్నము తినుచున్నాము. అంతకంటె కీడు మరియొకటి కలదు. బిడ్డను పోగొట్టుకొనిన తల్లియొద్దకు పోయి, రింకార్ట్ స్తుతించెను గదా, నీవేల స్తుతింపవని అడుగువారున్నారు. ఈ కీర్తన ఆమెను అట్లు అడుగుటలేదు. తెగులుకొరకు దేవునికి వందనము చెప్పుమని ఇందులో ఎక్కడను లేదు. తల్లి యొడినుండి నేటివరకు కాపాడినవాడని మొదటి చరణము దేవుని తలంచును. రెండవ చరణము సంతోష హృదయమును సమాధానమును ఇమ్మని వేడుకొనును. అవి చేతిలో నున్నచో అడుగనేల? వందనము చెప్పు నోటితోనే లేమిని ఒప్పుకొనుట ఇందలి గొప్ప. ఈ రెండు చరణములకు ఆధారము సీరా గ్రంథము 50వ అధ్యాయము. అది కతోలిక బైబిలులో ఉన్నది.

ఇంటివారు దినదినము చెప్పుకొనిన మాటలు తెగులుకు ముందువైనచో, భార్య కూర్చుండు చోటు ఖాళీయైన పిమ్మట వాటినే ఆయన మరల చెప్పవలసి వచ్చియుండును. అప్పుడు ఆయన కంఠమెట్లుండెనో ఏ పుస్తకమును చెప్పదు.

మూడవ చరణము త్రియేక దేవుని స్తుతి. అది ఆరాధనాలయమునకు తగినది. బల్లయొద్ద కొంచెము బిగువుగా నుండును. కాని నాకు తోచిన అసలు కొరత వేరు. హృదయము, నోరు, చేతులు మూటితోను స్తుతింపుమను ఈ కీర్తన, కోసిన చేతులను, దంచిన చేతులను, వండిన చేతులను ఎత్తనే యెత్తదు. వందనము వారిని దాటి తిన్నగా పరలోకమునకు పోవును. పౌలు అట్లు చేయలేదు. రోమా పత్రిక 16వ అధ్యాయములో ప్రిస్కిల్ల, అకుల పేరులు వ్రాసి, తానును అన్యజనుల సంఘములును వారికి కృతజ్ఞులమని చెప్పెను.

మీ యింట నేటి రాత్రి భోజనమునకు ముందు ప్రార్థన ఆరంభించునప్పటికి వండినామె ఇంకను పొయ్యియొద్దనే యున్నదేమో చూడుడి. ఆమె చేతులు కడుగుకొని వచ్చువరకు అన్నము చల్లారదు.