ఊరి పేరు, ఇంటి పలుకు: జర్మన్ కవిత్వంలో వారసత్వం

18వ శతాబ్దంలో జర్మనీ ఒకే దేశం కాదు. వందల సంస్థానాలుగా చీలి ఉండేది. పెద్ద పెద్ద ఆస్థానాల్లో ఫ్రెంచి భాషకే గౌరవం. ఆ రోజుల్లో రచయిత యోహాన్ గాట్‌ఫ్రీడ్ హెర్డర్ పల్లెపాటలను చెవిపెట్టి విన్నాడు. 1764 నుంచి 1769 దాకా రీగాలో ఉన్నప్పుడు లాట్వియా రైతుల పాటలు ఆయన్ని కదిలించాయి. 1778, 1779లలో వెలువరించిన జానపద గీతాల సంపుటాల్లో జర్మన్ పాటల సరసనే లిథువేనియా, ఎస్టోనియా, స్కాట్లండ్ పాటలనూ చేర్చాడు. ప్రతి జాతికీ తనదైన గొంతు ఉంటుందని ఆయన నమ్మాడు. సి.పి. బ్రౌన్ వేమన పద్యాలను సేకరించి 1829లో అచ్చు వేయించడానికి అర్ధ శతాబ్దం ముందటి సంగతి ఇది.

హెర్డర్ బాటలోనే ఆర్నిమ్, బ్రెంటానో అనే ఇద్దరు కవులు 1805-08 మధ్య 700కు పైగా పాటలను మూడు సంపుటాలుగా తెచ్చారు. దొరికిన పాటలను వాళ్లు ఉన్నవి ఉన్నట్టు అచ్చు వేయలేదు. కొన్నిటిని కత్తిరించారు, కొన్నిటికి చరణాలు కట్టారు. తాతల పాట మనవల చేతిలో కొంత మారే నిలుస్తుంది.

సేకరించడం ఒక పద్ధతి అయితే, ఊరి యాసలోనే కొత్త కవిత్వం చెప్పడం మరొక పద్ధతి. యోహాన్ పీటర్ హేబెల్ 1803లో ఆలెమానిక్ మాండలికంలో కవితలు ప్రచురించాడు. వాటిలో ఒకదాంట్లో వీజె నది ఫెల్డ్‌బెర్గ్ కొండల్లో పుట్టి, పల్లెపిల్లలా ఎదిగి, రైన్ నదిని పెళ్లాడడానికి బయలుదేరుతుంది. మరో కవితలో తండ్రీకొడుకులు రాత్రివేళ ఎడ్లబండిలో వెళ్తుంటారు. శిథిలమైన కోటను చూసి, మన ఇల్లూ ఇలాగే అయిపోతుందా అని కొడుకు అడుగుతాడు. బాజెల్ నగరమైనా ఒకనాటికి కూలక తప్పదని తండ్రి చెబుతాడు. ఆ సంభాషణ సాగేది ష్టైనెన్, బ్రోంబాఖ్ ఊళ్ల మధ్య దారిలో. హేబెల్‌కు పదమూడేళ్లప్పుడు, 1773లో, అతని తల్లి ఎడ్లబండిలో కన్నుమూసింది ఆ దారిలోనే. లోకమంతటికీ చెందిన దుఃఖాన్ని ఆ కవిత రెండు పల్లెల పేర్లతో, ఇంట్లో మాట్లాడే మాటలతో చెప్పింది. దాని బలమంతా అందులోనే ఉంది.

సొంత ఊరి మీద, సొంత మాట మీద ఉన్న ఈ అభిమానం ప్రమాదానికీ దారితీసింది. రైన్ ఒడ్డు కొండ మీది లోరెలై అనే మాయలాడి కథను బ్రెంటానో 1801లో కల్పించాడు. 1824లో హైన్రిక్ హైనె దాన్ని కవితగా మలిచాడు. బాణీ కట్టాక అది ఇంటింటి పాట అయింది. హైనె యూదు కుటుంబంలో పుట్టినవాడు. 1933 మే 10న బెర్లిన్‌లో నాజీ విద్యార్థులు తగలబెట్టిన పుస్తకాల్లో ఆయనవీ ఉన్నాయి. జర్మనీకి అంత ప్రియమైన పాటనిచ్చిన కవినే ఆ నేలవాడు కాదన్నారు. మనది అని మురిసిపోవడం మీది కాదు అని గెంటేయడంగా మారితే ఎంత ఘోరం జరుగుతుందో చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

గెంటివేతను చవిచూసినవాళ్లు కవిత్వంతోనే జవాబు చెప్పారు. తూర్పున లౌజిట్స్ ప్రాంతంలో సోర్బులనే చిన్న స్లావ్ జాతి ఉంది. వాళ్ల సంఘం దొమొవీనాను నాజీలు 1937లో నిషేధించారు. కవి కీతో లోరెంట్స్ ఇంట్లో జర్మన్ మాట్లాడుతూ పెరిగి, తాతల భాష సోర్బియన్‌ను బడిలో నేర్చుకున్నాడు. 1967లో తన ఊరి వాగు పేరుతో 'స్ట్రుగా' అనే సంపుటిని రెండు భాషల్లోనూ తెచ్చాడు. బొగ్గు గనులు ఎన్నో సోర్బు పల్లెలను మింగేసిన ప్రాంతమది. అక్కడ వాగు పేరును కవితకెక్కించడం కూడా ఒక పోరాటమే.

వలస వచ్చినవాళ్లూ వాళ్ల పిల్లలూ ఈ వారసత్వాన్ని విస్తరించారు. అరస్ ఓరెన్ 1973లో బెర్లిన్‌లోని నౌనిన్ వీధి టర్కీ కార్మికుల జీవితాన్ని దీర్ఘకవితగా చెప్పాడు. ఘనా తండ్రికి హాంబుర్గ్‌లో పుట్టిన మై ఆయిమ్, నల్లజాతి జర్మన్ల అనుభవాన్ని జర్మన్ భాషలోనే రాసింది. ఆఫ్రికా తీరంలో, నేటి ఘనాలో, కోట కట్టించిన గ్రోబెన్ పేరుతో ఉన్న బెర్లిన్ నదీతీర వీధికి 2010లో ఆమె పేరు పెట్టారు.

కవి కాళోజీ పుట్టినరోజు సెప్టెంబర్ 9ని భాషా దినోత్సవంగా జరుపుకునే తెలంగాణకు ఈ చరిత్ర పరాయిది కాదు. పలికే భాషే రాయాలన్న ఆయన పట్టుదలే హేబెల్‌లోనూ కనిపిస్తుంది. మన సంస్కృతి గొప్పదని ఎన్నిసార్లు చెప్పినా వారసత్వం నిలవదు. ఊరినీ వాగునూ వీధినీ పేరుపెట్టి పిలిచి, అక్కడి మనుషులకు వాళ్ల మాటనే ఇచ్చినప్పుడు నిలుస్తుంది. పొరుగువాడి వాగుకు, వాడి మాటకు కూడా అదే గౌరవం దక్కాలి. హెర్డర్ తన సంపుటాల్లో ముందే చేసి చూపింది అదే.